మూడు వందల ఇరవై డిగ్రీలు

పోశన్న చనిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు జయరాజ్ మొదట అడిగిన మాట "డబ్బా మోగలేదా?" అని. అడిగాక తన మీద తనకే అసహ్యం వేసింది. మనిషి పోయాడంటే ఎంత మొరటువాడైనా ముందు ఇంట్లోవాళ్ల సంగతి అడుగుతాడు. జయరాజ్ డబ్బా సంగతి అడిగాడు.

"మోగలె సార్. మోగితే మనిషి బతికుంటుండె గదా," అని అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు.

ఆ డబ్బా సంగతి బోధన్ చుట్టుపక్కల రైతులకు చెప్పనక్కర్లేదు. అన్నం క్యారియర్ అంత ఇనుప పెట్టె అది. బోరు మోటరు స్టార్టర్ పక్కన గోడకు బిగిస్తారు. తడి వల్లో, లోపలి తీగ ఒరుసుకోవడం వల్లో స్టార్టర్ ఒంటికి కరెంటు దిగిందంటే, కన్ను మూసి తెరిచేలోపు లైను కొట్టేసి, అంటే కరెంటు ఆపేసి, గోల పెడుతుంది. దాని లోపలి సరుకు హైదరాబాద్ నుంచి కిట్లుగా వస్తుంది. ఒక్కో కవర్లో ఒక ఖాళీ బోర్డు, లైను కొట్టి మోత మోగించే రిలే, గుప్పెడు చిన్నాచితకా భాగాలు, వాటిని ఎలా అతకాలో చెప్పే ఇంగ్లిషు కాగితం ఉంటాయి. వాటన్నింటినీ సోల్డరింగ్ ఐరన్‌తో అతికి డబ్బాగా చేసి అమ్మేది రాకాసిపేటలో ఒకే ఒక్క గది ఉన్న జయరాజ్.

ఆయనకు అరవై ఒకటి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులో మీటర్లు బాగుచేసే పని. మీటర్ల మీద బతికినవాడే గాని మీటర్లంటే గౌరవం లేదు. అది తండ్రి నుంచి వచ్చిన జబ్బు. తండ్రి దానియేలు అదే ఫ్యాక్టరీలో పాకం దగ్గర ఉండేవాడు. మరుగుతున్న పాకంలోంచి చుక్క తీసి, గాజు పలక మీద రాసి, వెలుతురుకు పట్టి చూసి గింజ కట్టిందో లేదో చెప్పేవాడు. తలకాయ పక్కనే మీటరు ఉన్నా దాని మొహం చూసేవాడు కాదు. ముప్పై ఏళ్లలో ఒక్క పాకం చెడగొట్టలేదని జయరాజ్ ఇప్పటికీ చెప్తాడు. ఇలాంటి మాటలు కొడుకులే చెప్పుకుంటారు, కాదనడానికి తండ్రులూ ఉండరు, ఫ్యాక్టరీలూ ఉండవు.

తండ్రికి గాజు పలక ఎలాగో కొడుకుకు అతుకు మెరుపు అలాగ. కరిగిన సోల్డరు తీగ చల్లబడ్డాక అద్దంలా మెరిస్తే అతుకు మంచిది. మసకగా ఉంటే డ్రై సోల్డర్, పైకి అంటుకున్నట్టు ఉంటుంది గాని లోపల పట్టు ఉండదు. ఐరన్ వేడి మూడు వందల ఇరవై డిగ్రీలు. తగ్గితే తీగ సరిగ్గా పారదు, పెరిగితే బోర్డు మీది రాగి ప్రింటు పొక్కులా లేచిపోతుంది. ఐరన్ కొన మీది బిట్టు ఆనించి, మనసులో మూడు లెక్కపెట్టి, తీసెయ్యాలి. ఎన్నో బోర్డులు తగలబెట్టుకుని ఆయన తెలుసుకున్న లెక్క ఇది. తప్పు లెక్క కాదు. అప్పట్లో ఆయన వాడిన సీసం కలిసిన తీగకు అదే సరైన వేడి. లెక్క తప్పయి ఉంటే ఏ మొదటి నెలలోనో బయటపడేది, పోశన్న బతికి ఉండేవాడు.

ఆయన దగ్గర పనిచేసేది సవిత ఒక్కతే. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. చెయ్యి కుదురైనది. పోయిన డిసెంబరులో ఒకనాడు బిట్టు తుడుస్తూ, తల ఎత్తకుండా, తనకు మూడో నెల అని చెప్పింది. జయరాజ్ ఆ పూటే బస్సెక్కి నిజామాబాద్ పోయాడు. గాంధీచౌక్ దగ్గర తెలిసిన దుకాణంలో సీసం లేని తీగ అడిగాడు. సోల్డరు తీగను మన దగ్గర అందరూ లెడ్ అనే అంటారు గనక, "లెడ్ లేని లెడ్ గావాల్నా సార్?" అని దుకాణదారు నవ్వాడు. ధర రెండింతలు. జయరాజ్ బేరం కూడా ఆడలేదు.

"సీసం మంచిది గాదు బిడ్డా. కడుపుల పిల్లకు పోతదంట. ఇగ గా పాత తీగ ముట్టకు," అని కొత్త రీలు సవిత ముందు పెట్టాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. మెట్టినింట్లో కూడా ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

రీలు మీద అతికించిన కాగితాన్ని సవిత చదివింది. కిట్టుతో వచ్చిన కాగితమూ చదివింది.

"సార్, గీ తీగ జల్ది కరగదంట. ఐరన్ మూడు వందల డెబ్బై పెట్టాల్నంట."

"గా కాయిదం రాసినోడు మన బోర్డులు సూసిండా? మూడు డెబ్బై పెడితే ప్రింటు లేస్తది."

"గా లావు కాళ్లకు మటుకు పెడ్దం సార్. రిలే కాళ్లు వేడిని గుంజుకుంటున్నయ్."

"నేను ఐరన్ పట్టినప్పటికి నువ్వు పుట్టలె బిడ్డా."

ఆయన భోజనానికి పోయినప్పుడు సవిత ఒక్కసారి డెబ్బైకి తిప్పి చూసింది. కొత్త వేడికి చెయ్యి అలవాటు లేదు, బిట్టు కొంచెం ఎక్కువసేపు ఆనించింది, ఒక బోర్డు మీద ప్రింటు లేచింది. జయరాజ్ ఆ బోర్డును దాచలేదు, తిట్టలేదు. ఎదురుగా గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. ఆ తర్వాత ఆ పిల్ల సంచిలోని నెయిల్ పాలిషే అడిగి తీసుకుని, ఐరన్ నాబ్ మీద మూడు వందల ఇరవై దగ్గర ఎర్రగా గీత గీశాడు. సవిత ఇంక ఆ మాట ఎత్తలేదు. పెద్దాయన, తన బాగు కోరి తీగ మార్చినవాడు. ఆయనతో ఇంకెంత వాదిస్తుంది!

కొత్త అతుకులు మెరవలేదు. మంచివీ మసకే, చెడ్డవీ మసకే. జయరాజ్ దుకాణానికి ఫోన్ చేస్తే, ఆ తీగ స్వభావమే అంత అన్నాడు దుకాణదారు. ఏ అతుకు మంచిదో తన కన్ను ఇంక చెప్పజాలదని తేలిన ఆ రోజైనా ఆయన మీటరు వైపు చూడాల్సింది. చూడలేదు. ప్రతి డబ్బాకూ పరీక్ష బటన్ నొక్కాడు, ప్రతి డబ్బా గొంతు చించుకుని మోగింది. ఇంకేం కావాలి! డిసెంబరు నుంచి అలా నలభై ఏడు డబ్బాలు కోటగిరి, వర్ని వైపు పొలాలకు వెళ్లాయి. అందులో ఒకటి పోశన్నది.

జయరాజ్ పోయేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. పోశన్న కుడి అరచేయి నల్లగా కమిలి ఉంది. ఎవరో దాని మీద తువ్వాలు కప్పారు, గాలికి అది జారుతూనే ఉంది. వానాకాలం నాట్ల రోజులు. ఊళ్లో సగం మంది మోకాళ్లదాకా బురదతో, పొలాల్లోంచి అలాగే వచ్చి నిలబడ్డారు.

పోశన్న భార్య లింగవ్వ ఏడవడం లేదు. జయరాజ్‌ను చూసి లేచి వచ్చింది.

"అన్నా, కట్టె నేనే పొయ్యిల పెట్టిన," అంది.

జయరాజ్‌కు వెంటనే అర్థమైంది. ఆ వైపు రైతులు స్టార్టర్ బటన్‌ను చేత్తో నొక్కరు. జానెడు ఎండు వెదురు కట్టెతో నొక్కుతారు. ఆ కట్టెకు దారం కట్టి స్టార్టర్ పక్కన మేకుకు వేలాడదీస్తారు, తడవనివ్వరు, దాన్ని వేరే పనికి వాడనివ్వరు. ఎవరు కనిపెట్టారో గాని, ఏ కిట్టూ అక్కర్లేని రక్షణ అది.

"డబ్బా వచ్చినంక గా కట్టెతోని పనేముంది అన్నడు. నేను గూడ గదే అన్న. మొన్న ముసురు వట్టి కట్టెలన్నీ నాని ఉండె. పొయ్యి అంటుకోకపాయె. మోటరు కాడికి పోయి గది తెచ్చి పెట్టిన." ఆమె పొయ్యి వైపు చూసింది. "మంచిగ మండింది."

ఆమె నింద వెయ్యలేదు. వేసి ఉంటే జయరాజ్‌కు కొంచెం నయంగా ఉండేది. మోటరు దగ్గరికి పోయి, లైను బంద్ చేయించి, డబ్బా విప్పి సంచిలో వేసుకున్నాడు. "సూసి చెప్త," అన్నాడు ఎవరితోనో. శవం లేచేదాకా ఉండి, మట్టి వేసి వచ్చాడు.

మర్నాడు సవిత రాకముందే గది తెరిచి, డబ్బా మూత విప్పాడు. బోర్డు మూలన సవిత చేత్తో 'స' అని చిన్నగా రాసి ఉంది. తీగలన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. పట్టకారుతో రిలే లావు కాలును తాకాడు. కదిలింది. ఊడబోయే పన్ను కదిలినట్టు, అతుకు మధ్యలో కాలు గుండ్రంగా తిరిగింది. భూతద్దం పెట్టి చూస్తే కాలి చుట్టూ వెంట్రుకంత చీలిక. ఆరు నెలలు మోటరు అదురుకు అదిరి అదిరి, ఎప్పుడూ సరిగ్గా పట్టని అతుకు విడిపోయింది. చిన్న భాగాలన్నీ దిట్టంగానే ఉన్నాయి. సవిత చెప్పిన లావు కాళ్లే ఊడాయి.

ఆయన ఐరన్ ఆన్ చేశాడు. పాత బోర్డు ముక్క మీద అలాంటి కాలినే మూడు వందల ఇరవైలో అతికాడు. తీగ ముద్దలా కూర్చుంది. ఎర్ర గీత దాటించి డెబ్బైకి తిప్పాడు. మళ్లీ అతికాడు. ఈసారి తీగ నీళ్లలా పారి, కాలి చుట్టూ ఎగబాకి, బోర్డును కరుచుకుంది. మూడు లెక్కపెట్టి తీశాడు, ప్రింటు లేవలేదు. మొత్తం రెండు నిమిషాల పని. డిసెంబరులో ఏ రోజైనా చెయ్యగలిగేదే.

ఆయనకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. నలభై ఆరు ఇంకా బయట ఉన్నాయి. ప్రతి దాని పక్కనా ఒక తడి చెయ్యి. ఆ డబ్బా అసలు లేకపోతే అందరి దగ్గరా కట్టెలు ఉండేవి.

బయట సవిత చెప్పులు విడిచిన చప్పుడైంది. జయరాజ్ నాబ్‌ను గబుక్కున ఎర్ర గీత దగ్గరికి తిప్పేశాడు. దొంగ చేసే పనికి కారణం ఏముంటుంది!

సవితకు నెలలు నిండాయి. గుమ్మం పట్టుకుని నిలబడి, బల్ల మీది డబ్బా వైపు చూసింది.

"గది నేను చేసిందేనా సార్?"

"నువ్వు చేసిందే."

"మరి..."

"డబ్బా మంచిగనే ఉంది బిడ్డా. పోశన్ననే డైరెక్ట్ చేసిండు."

డైరెక్ట్ చెయ్యడమంటే, డబ్బా మాటిమాటికీ లైను కొడుతోందని విసుగెత్తి, దాన్ని తప్పించి కరెంటు నేరుగా కలుపుకోవడం. కొందరు చేస్తారు గనక అబద్ధం చక్కగా అతుక్కుంది. సవిత గోడకు ఆనుకుని, పెద్దగా ఊపిరి వదిలి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. ఈ పిల్ల కోసమే చెప్పానని జయరాజ్ తనకు తాను చెప్పుకున్నాడు. అందులో సగం నిజం.

సవిత ఇంటికి పోయి భర్త నితీష్‌కు చెప్పింది. నితీష్ కోటగిరి దారిలో ఆటో నడుపుతాడు. ఆటోలో ఎక్కిన మాట ఎక్కడ దిగాలో ఎవరికీ చెప్పక్కర్లేదు, సాయంత్రానికి అన్ని ఊళ్లలో దిగింది. దిగినచోటల్లా కొంచెం పెరిగింది కూడా. పోశన్న తాగి ఉన్నాడట. తాగి డైరెక్ట్ చేసుకున్నాడట. డబ్బా చేసిన సారే చెప్పాడట.

జయరాజ్ మోటర్ సైకిల్ మీద ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. "సర్వీసుకు తీసుకపోతున్న, వారంల తెచ్చిస్త," అని అడిగాడు. మూడు రోజుల్లో ఎనిమిది చేతికొచ్చాయి. మిగతావాళ్లు ఇవ్వలేదు. నాట్ల రోజుల్లో డబ్బా లేకుండా మోటరు ఎలా ముట్టుకుంటామన్నారు. వర్ని దగ్గర లింబయ్య అయితే నవ్వాడు. మోచేతులదాకా తడిచిన చేతిని డబ్బా మీద ఆనించి, నిమ్మళంగా నిలబడి నవ్వాడు.

"డబ్బాల తప్పు లేదని నువ్వే అన్నవంట గద సార్? గా పోశన్న తాగి డైరెక్ట్ చేస్కొని సచ్చిండు. గాయినె చేసిన దానికి మా డబ్బాలెందుకు పీకుతవ్?" అంటూ పరీక్ష బటన్ నొక్కాడు. డబ్బా చెవులు చిల్లులు పడేట్టు మోగింది. "సూడు, ఎంత మంచిగ మోగుతందో!"

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. జయరాజ్ నోరు తెరిచాడు కూడా. చెబితే, అతికింది ఎవరని అడుగుతారు. సవిత పేరు వస్తుంది. నీకు తెలిసే అబద్ధమాడావా అంటారు. ఆయన నోరు మూసుకుని, బండి తిప్పుకుని వచ్చేశాడు. అబద్ధం చెప్పినవాడికి ఆ అబద్ధమే అడ్డం తిరిగితే చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఇక్కడ నవ్వడానికి వీల్లేదు, ముప్పై ఎనిమిది డబ్బాలు ఇంకా గోడలకే ఉన్నాయి.

ఐదో రోజు పొద్దున లింగవ్వ వచ్చింది.

చావు జరిగిన ఇంటివాళ్లు దినాలు కాకముందు ఊరు దాటరు, ఒకరి గడప తొక్కరు. అందులోనూ భర్త పోయిన మనిషి. లింగవ్వ బస్సులో, ఎవరి పక్కనా కూర్చోకుండా, నిలబడి వచ్చిందట. వచ్చి, గది బయట చినుకుల్లో నిలబడింది.

"లోపటికి రా చెల్లె," అన్నాడు జయరాజ్.

"మైల ఉంది అన్నా."

"మాకు గవేం లెవ్వు. మేం చర్చికి పోయేటోళ్లం. రా."

ఆమె లోపలికి వచ్చింది గాని కూర్చోలేదు. బల్ల దగ్గర సవిత లేవబోయింది, లేవలేక మళ్లీ కూర్చుంది. లింగవ్వ ఆ పిల్ల కడుపు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"అన్నా, నువ్వు డబ్బా ఇప్పి సూసినవంట. మా ఆయన డైరెక్ట్ చేసిండని చెప్పినవంట."

జయరాజ్ బల్ల మీది స్క్రూలను ఒక పక్కకు నెట్టాడు.

"తాగుతడు. తాగడని నేను అంటలేను. గానీ గా పొద్దుగాల చాయ్ గూడ తాగలె. మడి తడారుతందని లేసినోడు లేసినట్టే పోయిండు. గా డబ్బాను పండుగకు తుడిసి బొట్టు వెట్టినోడు అన్నా. గాయినె డైరెక్ట్ చేసిండంటే నాకు నమ్మబుద్ది అయితలేదు. మా అత్త పెంటవ్వ అన్నం ముడుతలేదు. నా కొడుకు తాగి సచ్చిండా అని ఇంటికొచ్చినోళ్లనల్లా అడుగుతంది. నీ కండ్లతోని సూసింది చెప్పు. చేసిండంటే చేసిండను, పోయి మా అత్తకు చెప్త. లేకుంటే లేదను."

గదిలో ఐరన్ స్టాండు మీద వేడిగా ఉంది. సవిత పొద్దున్నే ఆన్ చేసింది. దాని చిన్న తెర మీద ఎర్రగా 320 అని వెలుగుతోంది.

జయరాజ్ సవిత వైపు చూశాడు. ఈ ఒక్క నెల గడిస్తే, బిడ్డ పుట్టాక, అప్పుడు చెప్పొచ్చు అని ఐదు రోజులుగా అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడూ అదే అనుకోబోయాడు. లింగవ్వ కాళ్లకు పొలం మట్టి ఇంకా అలాగే ఉంది, ఐదు రోజులుగా కడిగినట్టు లేదు. ఆయనకు తన మీద రోత పుట్టింది.

"చెయ్యలె," అన్నాడు. "పోశన్న డైరెక్ట్ చెయ్యలె. నేను అబద్ధం చెప్పిన. డబ్బాల అతుకు ఊడింది. అతుకు సరిగ పట్టలె. ఐరన్ వేడి సాల్లె. గా వేడి పెట్టింది నేను."

సవిత చేతిలోని పట్టకారు బల్ల మీద పడింది.

"నేను చెప్పిన గద సార్," అంది చాలా మెల్లగా. అరవలేదు. "మూడు డెబ్బై అని చెప్పిన గద."

"చెప్పినవ్."

"ఇంకో మాట గట్టిగ అనకపోతి..."

"నీ తప్పేం లేదు బిడ్డా. గీత గీసింది నేను."

సవిత రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏ పిల్ల మీద ఈ బరువు పడకూడదని జయరాజ్ అబద్ధమాడాడో, ఆ బరువు ఆ పిల్ల మీద పడనే పడింది. పైగా మొదటి రోజు చెప్పి ఉంటే ఒక బరువే ఉండేది. ఇప్పుడు, పోయిన మనిషి మీద చాడీ ఊరంతా మోసింది తన మొగుడే అన్న రెండో బరువు కూడా తోడయింది.

లింగవ్వ ఇద్దరినీ చూస్తూ నిలబడింది.

"నాకు గా లెక్కలు తెల్వయ్ అన్నా. ఎంత పెట్టాల్సుండె?"

"మూడు వందల డెబ్బై."

"ఎంత పెట్టినవ్?"

"మూడు వందల ఇరవై."

ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. "యాబై," అంది. "యాబై ఎక్కువ పెట్టాలంటే మిషిన్ మార్చాల్నా?"

"మార్చొద్దు."

"పట్నం పోవాల్నా దేనికన్న?"

"వద్దు."

"మరేం చెయ్యాలె? సూపెట్టు."

జయరాజ్ ఐరన్‌కు వేడి ఇచ్చే పెట్టెను ఆమె వైపు జరిపాడు. నాబ్ చూపించాడు. ఆమె నాట్లు వేసే వేళ్లతో, నానిపోయి ముడతలు పడ్డ బొటనవేలితో దాన్ని పట్టుకుని కుడివైపుకు తిప్పింది. నెయిల్ పాలిష్ గీత దాటింది. తెర మీద అంకెలు కదిలాయి. మూడు వందల ముప్పై, నలభై ఐదు, అరవై. డెబ్బై దగ్గర నిలబడ్డాయి. సవిత వేళ్ల సందుల్లోంచి చూస్తోంది.

"అయిపాయెనా?" అంది లింగవ్వ.

"అయిపోయింది."

"గింతేనా అన్నా?"

జయరాజ్ బల్ల పట్టుకుని కూర్చుండిపోయాడు. ఏడుపు వచ్చింది. ముసలివాళ్ల ఏడుపు చూడడానికి బాగుండదు, లింగవ్వ చూడలేదు. ఆమె నాబ్ మీది వేలు తీసి చీర కొంగుకు తుడుచుకుంది.

"ఇంకెన్ని ఉన్నయ్ బయట?"

"ముప్పై ఎనిమిది. ఇస్తలేరు. డబ్బా మంచిదే, పోశన్ననే చేస్కున్నడు అంటున్నరు."

"మరి గిడ కూసొని ఏడుస్తవేంది? లే. నేనొస్త. నన్ను సూస్తే ఇస్తరు."

"దినాలు గాలే చెల్లె. ఊర్లె ఏమంటరో..."

"అననీ."

జయరాజ్ మోటర్ సైకిల్ మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకుని వర్ని దారి పట్టాడు. దారి పొడవునా ఒకప్పుడు చెరకు ఉన్న పొలాల్లో నాట్లు పడుతున్నాయి. మోటర్లు పోస్తున్నాయి. చెట్టు కిందో, రేకు కిందో స్టార్టర్లు కనిపిస్తున్నాయి, ప్రతి దాని పక్కనా తను బిగించిన డబ్బా ఉందేమోనని ఆయన తల తిప్పి తిప్పి చూస్తున్నాడు. నోరు విప్పితే ఏం చెప్పాలో ఆయనకు తెలుసు, అది చెప్పాల్సింది ఆమెకు కాదు, లింబయ్యకు.

లింబయ్య మడిలోంచి వస్తూ వాళ్లను చూశాడు. ముందు జయరాజ్‌ను చూసి, మళ్లీ వచ్చావా అన్నట్టు నవ్వాడు. వెనక దిగిన మనిషిని గుర్తుపట్టాడు. నవ్వు పోయింది. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"డబ్బాదే తప్పు లింబయ్యా," అన్నాడు జయరాజ్, బండి స్టాండైనా వెయ్యకుండా. "నేను అబద్ధం చెప్పిన. పోశన్న డైరెక్ట్ చెయ్యలె, తాగలె. అతుకు ఊడి లైను కొట్టలె. నీ డబ్బా గూడ గదే తీగతోని, గదే వేడితోని చేసిందే. ఇయ్యాల మోగుతది. రేపు మోగకపోవచ్చు."

లింబయ్య నోరు తెరిచి, ఏదో గట్టిగా అనబోయాడు. లింగవ్వ అతని ముందు నుంచి నడిచి స్టార్టర్ దగ్గరికి పోయింది. ముట్టుకోలేదు. రెండడుగుల దూరంలో ఆగి, గోడను పైనుంచి కిందిదాకా వెతికింది.

"కట్టె ఏది అన్నా?" అంది.

లింబయ్య స్టార్టర్ పక్కన మేకు వైపు చూశాడు. మేకుకు మాసిన దారం ముక్క ఒకటి వేలాడుతోంది.

"ఉండె," అన్నాడు. "డబ్బా వచ్చినంక మా ఆడామె గది తీసి..." అని, లింగవ్వ మొహం చూసి ఆగిపోయాడు.

జయరాజ్ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. లింబయ్య తనే పోయి లైను బంద్ చేసి వచ్చాడు. వచ్చి, తడి చేతులను తువ్వాలుతో తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.